మన నల్లరాయి ఏమి దాచగలదు?

భూమికి మన నిఘంటువులలో ఉన్న పేర్లలో ‘వసుంధర’ ఒకటి, ‘సర్వంసహ’ మరొకటి. ధనాన్ని గర్భంలో ధరించినది కనుక వసుంధర; అన్నింటిని ఓర్చుకొనేది కనుక సర్వంసహ. మొదటి పేరును నమ్మి మానవుడు వేల సంవత్సరాలుగా భూమిని త్రవ్వి నీరు, లోహాలు, బొగ్గు, నూనె బయటికి తీసుకొంటూ వచ్చినాడు. రెండవ పేరును నమ్మి, ఇంచుమించు నూరేండ్లుగా, తనకు అక్కరలేనిదానిని, లేదా రేపటికి అక్కరకు రాగలదానిని తిరిగి ఆ భూమిలోకే పంపుతున్నాడు. వర్షపు నీరు, ముడి చమురు, వంట గ్యాసు, కర్మాగారాల మురుగు, చివరకు పొగగొట్టం నుండి వెలువడే వాయువు కూడ ఈనాడు భూగర్భానికి చేరుతున్నవి. నేను భాషాధ్యాపకుణ్ణే గాని భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినప్పటికీ ఈ విషయం భైంసా వాసులకు పరాయిది కాదు. మన ప్రాంతపు నేల క్రింద ఉన్న నల్లరాయి పేరు ఈ విషయమై ప్రపంచ శాస్త్రజ్ఞుల చర్చలలో తరచుగా వినబడుతున్నది. అది దేనిని దాచగలదో, దేనిని దాచలేదో మనం తెలుసుకొని ఉండుట మంచిది.

పాత ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాల వారికి ఈ పనిలో కొంత పూర్వ పరిచయం కూడ ఉన్నది. బొగ్గు తీసిన గనిలో ఖాళీ మిగులుతుంది. దాని పైకప్పు కూలితే పైనున్న నేల క్రుంగుతుంది; మిగిలిపోయిన బొగ్గుకు గాలి సోకి తనంతట తానే రాజుకొంటుంది. అందువలన సింగరేణి గనులలో గోదావరి ఇసుకను నీటితో కలిపి, గొట్టాల ద్వారా లోపలికి పంపి, ఆ ఖాళీలను నింపే పద్ధతి ఏర్పడినది. దీనికి శాండ్ స్టోయింగ్ అని పేరు. నీరు వడిసి బయటికి తోడబడుతుంది. ఇసుక లోపల గట్టిపడి కప్పును మోస్తుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వైపు బంధువులున్న విద్యార్థులు అక్కడి పెద్దలను అడిగితే వారు పుస్తకం కంటె బాగుగా చెప్పగలరు.

ఐతే ఇసుక పోసినచోటనే ఉంటుంది. నీటికి, నూనెకు, వాయువుకు ఆ గుణం లేదు. రాతిలో వెంట్రుక వాసి పగులు దొరికినా అవి కదలిపోతవి. కనుక భూమిలోకి ఏ ద్రవాన్ని, ఏ వాయువును పంపదలచినా ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: దానిని అక్కడ ఆపి ఉంచేది ఏది?

విశాఖపట్టణంలో ఆపి ఉంచేది నీరు. 2007లో అక్కడ సముద్ర మట్టానికి దాదాపు 200 మీటర్ల లోతున కొండరాతిని తొలిచి, 60,000 టన్నుల వంట గ్యాసు పట్టే గుహలను నిర్మించినారు. దక్షిణాసియాలో ఇటువంటిది అదే మొదటిది. 2015లో ముడి చమురు కొరకు మరికొన్ని గుహలు సిద్ధమైనవి. వాటిలో 13 లక్షల 30 వేల టన్నులు పడుతుంది. మంగుళూరు, పాదూరు గుహలను కూడ కలిపితే అత్యవసర కాలం కొరకు మన దేశం ఇటువంటి గుహలలో దాచుకోగల చమురు 53 లక్షల 30 వేల టన్నులు. విశాఖ గుహల గోడలకు ఇనుప తొడుగు లేదంటే చాలమంది నమ్మరు. ఉన్నది వట్టి రాయి, దాని పగుళ్లలో నీరు. గుహలకు పైభాగాన చిన్న సొరంగాలు త్రవ్వి, వాటి నుండి రంధ్రాలు వేసి, ఎల్లప్పుడు నీటితో నింపి ఉంచుతారు. దీనినే నీటి తెర అంటారు. చెరువులో చెంబును బోర్లించి అడుగుకు నొక్కితే లోని గాలి చుట్టునున్న నీటిని త్రోసుకొని పోలేదు గదా. ఇక్కడ జరిగేదీ ఇంచుమించు అదే. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద ప్రొపేను వాయువు ద్రవంగా నిలవాలంటే వాతావరణ పీడనానికి సుమారు 11 రెట్ల పీడనం కావాలి. పది మీటర్ల ఎత్తు నీరు ఒక వాతావరణ పీడనంతో సమానం. కనుక గుహపైన 110 మీటర్లకు మించి నీరు నిలిచి ఉన్నంతకాలం నీరే గుహలోకి ఊరుతుంది గాని గ్యాసు బయటికి రాదు. లోపలికి ఊరిన నీటిని తోడివేయుటకు పంపులున్నవి. అంత లోతుకు ఎందుకు పోయినారని ఎవరైన అడిగితే ఈ చిన్న లెక్కయే జవాబు.

ఈ లెక్కను పట్టించుకొనకుండ, కనబడకుండ పోతే చాలునన్న తలంపుతో మురుగును క్రిందికి నెట్టినచోట ఏమి జరిగినదో చెప్పుటకు అమెరికాలోని డెన్వరు నగరపు ఉదంతం చాలు. ఆ నగరం వద్ద సైన్యానికి ఒక రసాయనాయుధ కర్మాగారం ఉండేది. దాని విష జలాలను వదిలించుకొనుటకు 3,671 మీటర్ల లోతున బావి వేసి, 1962 మార్చిలో లోపలికి పంపుట మొదలుపెట్టినారు. భూకంపాలంటే ఎరుగని ఆ ఊరిలో ఏప్రిల్ నుండి నేల కదలసాగినది. మొదట ఎవ్వరు ఈ రెండింటికి ముడిపెట్టలేదు. 1965 నవంబరులో డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు నెలనెలకు పంపిన ద్రవం ఎంతో, ఆ నెలలో వచ్చిన కంపాలు ఎన్నో ప్రక్కప్రక్కన గీసి చూపినాడు. రెండు గీతలు కలిసి పైకి లేచి, కలిసి క్రిందికి దిగినవి. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆ పనిని నిలిపివేసినది. కాని అన్నింటికంటె పెద్ద కంపాలు వచ్చినది ఆ మరుసటి సంవత్సరం, 1967లో. పంపుట మన చేతిలో ఉన్నది గాని, పంపినదాని పీడనం లోలోపల ఎంతదూరం ప్రాకుతుందో మన చేతిలో లేదు.

దీని కారణం కష్టమైనది కాదు. భూమి లోతున రాతి పలకలు ఒకదానిపై ఒకటి భారంగా ఒత్తుకొని, జారవలెనని ఉన్నా రాపిడి వలన ఆగి ఉంటవి. వాటి నడుమకు పీడనంతో నీరు చేరితే, బండ క్రింద గునపం పెట్టి కొద్దిగా లేపినట్లవుతుంది. భారం తగ్గినంతనే బండ జారుతుంది. 1967 డిసెంబరు 10న మహారాష్ట్రలోని కోయనా వద్ద వచ్చిన భూకంపానికి అక్కడి జలాశయపు నీరే ప్రేరకమని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. అక్కడ ఎవ్వరు గొట్టం దింపి నీరు పంపలేదు. ఆనకట్ట వెనుక నిలిచిన నీరు తనంతట తానే లోతుకు త్రోవ చేసుకొన్నది. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో చమురు బావుల ఉప్పునీటిని తిరిగి క్రిందికి పంపుట వలన కంపాలు పెరిగి, 2016 సెప్టెంబరులో 5.8 పరిమాణం గల భూకంపం వచ్చినది. సర్వంసహ అని పేరు పెట్టినంత మాత్రాన అన్నింటిని సహించునని కాదు.

ఇక అసలు విషయానికి వద్దాము. బొగ్గు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడును మన పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అన్నవి. అది ఎంత చక్కని మాట! నీటిలో కరిగితే నిజంగానే అది పులుపెక్కుతుంది. సోడాబుడ్డి రుచి దానిదే. ఈ పులుపే మన కథకు కీలకం. పన్నెండు కిలోల కర్బనం కాలితే నలుబదినాలుగు కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తు తయారైతే సుమారు ఒక కిలో వాయువు గాలిలో కలుస్తుందని స్థూలంగా చెప్పవచ్చు. 1983లో తొలి యూనిట్‌తో మొదలై క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగిన రామగుండం ఎన్.టి.పి.సి. కేంద్రం పూర్తి శక్తితో నడిస్తే గంటకు 26 లక్షల యూనిట్లు ఉత్పత్తి అవుతుంది. అనగా గంటకు ఇంచుమించు 2,500 టన్నుల వాయువు. 2023, 2024 సంవత్సరాలలో అక్కడనే మరి 1,600 మెగావాట్లు తోడైనవి. మనం ఈ రాత్రి వెలిగించే దీపంలో కూడ దీని పాలు ఉన్నది. భూమి వేడెక్కుటకు ఈ వాయువు ముఖ్య కారణమని అందరికి తెలిసినదే. దానిని పొగగొట్టం వద్దనే పట్టి భూమిలోకి పంపితే ఎట్లుండునని ఆలోచన.

ఇందులో రెండు మార్గాలున్నవి. మొదటిది, వాయువును గట్టిగా అదిమి లోతైన ఇసుకరాతి పొరలలోకి పంపుట. 31 డిగ్రీల వేడి, 73 వాతావరణాల పీడనం దాటితే అది వాయువుగాను ఉండదు, ద్రవంగాను ఉండదు; ద్రవం వలె చిక్కనై కొద్దిచోటులో ఇముడుతుంది. ఆ పీడనం కొరకు సుమారు 800 మీటర్ల లోతుకు పోవాలి. పైన చిల్లులేని రాతి మూత ఉండాలి. నార్వే దేశం 1996 నుండి స్లైప్నర్ అనే చోట సముద్రం అడుగున ఏటా పది లక్షల టన్నుల మేరకు ఇట్లు పంపుతూ వచ్చినది. ఇక్కడ ఆపి ఉంచేది మూత. మూత గట్టిదైనంతకాలం భయం లేదు. కాని బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది. ఒకేసారి పెద్దమొత్తంలో బయటపడితే పల్లంలోకి పారి, ప్రాణవాయువును త్రోసివేస్తుంది. 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూను దేశంలో నియోస్ సరస్సు నుండి సహజంగానే ఈ వాయువు వెలువడి, నిద్రలో ఉన్న 1,700 మందికి పైగా ప్రజలను చంపినది. అది మానవ నిర్మితం కాదు. అయినా మూత గురించి మాట్లాడేవారు దానిని మరువరాదు.

రెండవ మార్గం మన నల్లరాయికి సంబంధించినది. ఐస్‌లాండు దేశంలో నేల యంతా అగ్నిపర్వతాలు కక్కిన బసాల్టు. అక్కడ హెల్లిషైది అనే భూతాప విద్యుత్కేంద్రం వద్ద 2012లో శాస్త్రజ్ఞులు ఈ వాయువును నీటిలో కరిగించి, అనగా ఒక విధంగా సోడానీరుగా మార్చి, 400 నుండి 800 మీటర్ల లోతున ఉన్న బసాల్టులోకి పంపినారు. బసాల్టు బరువులో సుమారు నాలుగవ వంతు కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఉంటవి. పులిసిన నీరు రాతిని కొరికి ఈ ధాతువులను కరిగిస్తుంది. కరిగిన ధాతువులు వాయువుతో కలిసి సున్నపురాతి జాతి ఖనిజాలుగా గడ్డకట్టి రాతి బెజ్జాలలోనే ఉండిపోతవి. వాయువే రాయి అయిపోతుందన్నమాట! ఇందుకు వందల, వేల ఏండ్లు పట్టునని అంతవరకు అనుకొనేవారు. కాని పంపిన దానిలో నూటికి 95 పాళ్లు రెండేండ్ల లోపలే రాయిగా మారినదని 2016లో వారు ప్రకటించినారు. పరిశీలన కొరకు వేసిన బావిలోని మోటారు నడుమ ఆగిపోతే, పైకి తీసి చూడగా దానికి సున్నపు పొర పట్టి ఉన్నదట. మన ఊరి బోరు మోటార్లను బాగుచేసే మిస్త్రీలు ఈ మాట విని నవ్వుకొందురు. అమెరికాలోని వాలూలా వద్ద 2013లో 977 టన్నుల వాయువును, నీటిలో కరిగించకుండ, 800 మీటర్లకు మించిన లోతున బసాల్టులోకి పంపినారు. తరువాత తీసిన రాతి ముక్కలలో కొత్తగా పుట్టిన ఖనిజపు గడ్డలు కనబడినవి. ఇక్కడ ఆపి ఉంచేది నీరు కాదు, మూత కాదు, రాతి స్వభావమే.

ఆ రాయి మనకు కొత్తది కాదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట పడమటి దిక్కున భూమి పగిలి, పొర తరువాత పొరగా లావా ప్రవహించి గడ్డకట్టిన దక్కను ట్రాపు శిలలు నేటికి దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్లలో పరచుకొని ఉన్నవి. వాటి తూర్పు అంచు మన పాత ఆదిలాబాదు జిల్లా పడమటి భాగంలో ఉన్నది. నిర్మలు వైపు పోతే గ్రానైటు గుట్టలు కనబడతవి; మహారాష్ట్ర వైపు పోతే నల్లరాయి, నల్లరేగడి, ప్రత్తి చేలు. మన ఊరి ప్రత్తి మార్కెట్టు ఆ పురాతన లావా పెట్టిన భిక్షయే. నల్లరాతిని పగులగొట్టి చూస్తే కొన్నింటిలో చిన్నచిన్న గుల్లలు, గుల్లలలో తెల్లని స్ఫటికాలు కనబడతవి. ఆ తెల్లనివాటిలో కొన్ని సున్నపు ఖనిజాలే. ఐస్‌లాండులో శాస్త్రజ్ఞులు రెండేండ్లలో చేసినదానిని ఇక్కడ ప్రకృతి ఎవ్వరికి చెప్పకుండ లక్షల ఏండ్లుగా చేస్తున్నది.

ఈ రాతి నిర్మాణాన్ని మన రైతులు పరీక్షాగారానికి పోకుండనే ఎరుగుదురు. బోరుబండి వాడు క్రిందికి పోయేకొద్ది ఒకచోట గట్టి బండ, తరువాత గుల్ల రాయి, నడుమ ఎర్రమట్టి పొర, మళ్లీ గట్టి బండ తగులుతవి. ఒక్కొక్క లావా ప్రవాహానికి పైభాగం బుడగలతో గుల్లగా, నడిభాగం గట్టిగా గడ్డకట్టుటయే దీనికి కారణం. నీరు పడేది గుల్ల పొరలో, పగుళ్లలో. వాయువును దాచదలచినా చోటు ఆ గుల్ల పొరయే, మూత ఆ గట్టి బండయే. అనగా మనం త్రాగే నీరు, దాచదలచిన వాయువు రెండును ఒకే రకపు గదులను కోరుతున్నవి.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దక్కను బసాల్టును ఈ దృష్టితో పరిశీలించినారు. పెద్ద ఎత్తున వాయువును పంపే పని మాత్రం ఈ రాతిలో ఇంకను జరుగలేదు. జరిగితే మన ప్రాంతం దానికి తగునా? తగదనియే నా అభిప్రాయం. దానికి రెండు కారణాలు చెబుతాను.

మొదటిది మందం. కోయనా వద్ద పరిశోధన కొరకు వేసిన రంధ్రంలో బసాల్టు 933 మీటర్ల వరకు ఉన్నది. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లాను నేలమట్టం చేసిన భూకంపం తరువాత కిల్లారి వద్ద వేసిన రంధ్రంలో 338 మీటర్లకే బసాల్టు ముగిసి, క్రింద పురాతన శిల తగిలినది. తూర్పుకు వచ్చేకొద్ది పొర పలుచబడుతున్నది, మనమున్నది అంచున. అదిమిన వాయువుకు కావలసిన 800 మీటర్ల లోతు ఈ అంచున ఉన్న బసాల్టులో దొరకదు.

రెండవది నీరు. కరిగించి పంపే ఐస్‌లాండు పద్ధతికి ఒక టన్ను వాయువుకు సుమారు 25 టన్నుల నీరు కావాలి. రామగుండం వాయువు గంటకు 2,500 టన్నులని పైన అనుకొన్నాము. దానికి గంటకు 62,500 టన్నుల నీరు. రోజుకు 15 లక్షల టన్నులు. ఏడాది పొడుగునా ఐతే సుమారు 19 టి.ఎం.సి. గోదావరిపై రామగుండానికి దగ్గరనున్న ఎల్లంపల్లి శ్రీపాద జలాశయం నిండితే పట్టేది 20 టి.ఎం.సి.ల పైచిలుకు. ఒక్క విద్యుత్కేంద్రపు పొగను రాయిగా మార్చుటకు ఏటా ఎల్లంపల్లి అంతటిని రాతిలో పోయాలన్నమాట. ఐస్‌లాండుకు నీటి కరవు లేదు; సముద్రపు నీటితోను ఈ పని చేయవచ్చునని వారు ప్రయత్నిస్తున్నారు. మనకు సముద్రం లేదు, మే నెలలో బిందె నీటికి ఎంత విలువో మన తల్లులనడగాలి. మందమైన బసాల్టు ఉన్న పడమటి ప్రాంతాలు, లేదా ఉప్పునీరు నిండిన లోతైన ఇసుకరాతి పొరలు ఈ పనికి తగవచ్చును. ఆ విచారణ శాస్త్రజ్ఞులు చేయాలి. మన కంచు, ఇత్తడి గుణాలు వేరైనట్లే రాతి పేరు ఒకటైనా చోటును బట్టి యోగ్యత వేరు.

మన నల్లరాయి నిశ్చయంగా దాచగలిగినది వర్షపు నీరు. అదికూడ నేల గుణమెరిగి చేయాలి. నల్లరేగడి తడిసినంతనే ఉబ్బి తన పగుళ్లను తానే మూసుకొంటుంది. పైన నిలిచిన నీరు క్రిందికి దిగక చాలవరకు ఆవిరియై పోతుంది. కనుక ఇంకుడు గుంత నల్లమట్టిలోనే ఆగిపోతే దండుగ. మట్టిని దాటి మొరం తగిలేవరకు త్రవ్వాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, పైన ఇసుక వేయాలి. ఇసుక పైపొరను ఏటా తీసి కడుగకపోతే బురద పేరుకొని గుంత చెవిటిదైపోతుంది.

తొందరపడి కప్పు నీటిని గొట్టంతో సరాసరి ఎండిన బోరులో దింపేవారున్నారు. అది ప్రమాదం. గుంతలో ఇంకే నీరు మట్టి, మొరం పొరలలో వడకట్టబడుతుంది. బోరులో దింపిన నీరు ఏ వడపోతా లేకుండ త్రాగునీటి పగులులోకే పోతుంది. ఒక రైతు కొత్త బోరు వేస్తే ప్రక్క చేనులోని పాత బోరు ఎండిపోవుట మనం చూచినదే. ఇక్కడ తోడితే అక్కడ తగ్గుతున్నదంటే, ఇక్కడ పోసినది అక్కడికి చేరుతుందనియే గదా అర్థం! కొన్ని పారిశ్రామిక ప్రాంతాలలో పాత బోర్లలోకి విష జలాలు వదులుతున్నారని ఫిర్యాదులు పలుమార్లు వచ్చినవి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం బావిలోకి తెలిసి విష పదార్థాన్ని వదలుట నిషిద్ధం. డెన్వరు సైన్యం కనీసం మూడున్నర కిలోమీటర్ల లోతుకు పంపినది; వీరు పంపేది ఊరందరి కడవ లోనికి.

మసీదులలో వజూ చేసిన నీటిని మోరీలోకి వదలక ఒక గుంతకు మళ్లించే అలవాటు కొన్నిచోట్ల వచ్చినది. సబ్బు, నూనె కలియని నీరు గనుక వంటింటి నీటికంటె అది ఎంతో మేలు.

కళాశాల కమిటీ వారికి ఒక లెక్క మాత్రం విన్నవించి ముగిస్తాను. మన ప్రాంతంలో సాధారణ సంవత్సరంలో సుమారు ఒక మీటరు, అనగా వెయ్యి మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు అంటే 93 చదరపు మీటర్లు. దానిపై ఏడాదిలో పడేది 93 వేల లీటర్లు. చిలికి పోయేది, ఆరిపోయేది తీసివేసినా 70 వేల లీటర్లకు తక్కువ కాదు. మన గదుల కప్పు వైశాల్యాన్ని గణిత విద్యార్థులు ఒక మధ్యాహ్నం టేపు పట్టి కొలిచి ఇవ్వగలరు. మృగశిర కార్తెకు ముందే గుంత పూర్తి కావాలి. తొలకరి మొదటి రెండు వానల నీరు మాత్రం, కప్పుమీది దుమ్ము, పావురాల మురికి కొట్టుకొని వస్తుంది గనుక, గుంతలోకి రానీయక బయటికి వదలాలి.